జిప్సీకి పొడవైన కమాన్లు: గాజువాక ఆటోనగర్ ప్రాజెక్టు డైరీ

బండి మారుతీ జిప్సీ కింగ్. వీల్‌బేస్ 2375 మి.మీ., టైర్లు 205/70 ఆర్15. ముందూ వెనకా గట్టి ఇరుసులే, నాలుగు మూలలా కమాను కట్టలే (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టాల స్ప్రింగులు). చక్రం పైకీ కిందికీ కదిలే దూరాన్ని పెంచాలన్నదే ఈ పని లక్ష్యం. బండి ఎత్తు పెంచడం లక్ష్యం కాదు. ఈ రెండింటినీ ఒకటే అనుకున్నందుకు మొదటి దశలో డబ్బు, పద్నాలుగు గంటలు వృథా అయ్యాయి కనుక దీన్ని ముందే రాస్తున్నాను.

దశ 0: విప్పక ముందు కొలతలు

1. బండిని చదునైన సిమెంటు నేల మీద నిలిపి, ఇరుసు గొట్టం పైనుంచి ఛాసీ అడుగు వరకు నాలుగు మూలలా కొలిచాను.
2. ఛాసీని జాకీ స్టాండ్ల మీద నిలిపి, చక్రాలు పూర్తిగా వేలాడనిచ్చి మళ్లీ కొలిచాను.
3. షాక్ అబ్జార్బర్లు విప్పి మూడోసారి కొలిచాను.
4. ఇరుసు మరీ పైకి రాకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరుకూ ఇరుసుకూ మధ్య ఉన్న ఖాళీని విడిగా రాసుకున్నాను.

ముందు ఇరుసు పైకి 62, కిందికి 78, మొత్తం 140 మి.మీ. కదులుతోంది. వెనక ఇరుసు పైకి 70, కిందికి 85, మొత్తం 155. అయితే నాకు పనికొచ్చిన అంకె మూడో మెట్టులో దొరికింది. షాకులు విప్పగానే ముందు ఇరుసు మరో 34 మి.మీ. కిందికి దిగింది. అంటే కదలికను ఆపుతున్నది కమాను కాదు, షాక్. ఈ కొలతను పుస్తకంలో రాసుకుని కూడా దాని అర్థం పట్టించుకోకుండా నేను నేరుగా కమాన్ల మీద పడ్డాను.

మరో కొలత మెలిక, అంటే మిగిలిన చక్రాలు నేలను వదలకుండా ఒక చక్రం ఎంత ఎత్తుకు లేవగలదన్నది. తెలిసినవారి గోడౌనులోని ఫోర్క్‌లిఫ్ట్‌తో ముందు ఎడమ చక్రాన్ని మెల్లగా ఎత్తిస్తూ, మిగిలిన మూడు చక్రాల కింద పెట్టిన కాగితాల్లో ఏదో ఒకటి లాగితే వచ్చేసే క్షణాన ఆపించి ఎత్తు కొలిచాను: 405 మి.మీ. దీన్ని 20 డిగ్రీల ర్యాంపు మీది దూరంగా మార్చాలంటే 0.342తో భాగించాలి. 1184 మి.మీ. వస్తుంది. దాన్ని వీల్‌బేస్‌తో భాగించి వెయ్యితో గుణిస్తే ర్యాంపు సూచిక 499. ఇకపై ప్రతి మార్పునూ ఈ అంకెతోనే పోల్చాను.

దశ 1: పొడవు షేకిళ్లు, కొట్టించిన కమాన్లు (విఫలం)

చౌకదారి మొదట పట్టాను. షేకిళ్లను (కమాను ఒక చివరను ఛాసీకి కలిపే ఊగే పలకలు) 50 మి.మీ. పొడవు పెంచి చేయించాను, పాత కమాన్లను చల్లగానే సుత్తితో కొట్టించి వంపు పెంచాను. కొట్టించిన రోజు ముందు కట్ట వంపు 112 నుంచి 138 మి.మీ.కు పెరిగింది. పందొమ్మిది రోజుల తరువాత అదే కట్ట 116 చూపించింది. కొట్టిన మేస్త్రి దగ్గరికి వెళ్లి అడిగితే ఆయన నవ్వి, "సల్లగా కొట్టిన కమాను ఎన్నాళ్లు మాట ఇంటాది బాబూ?" అన్నారు. కొట్టకముందే ఆ మాట అని ఉంటే బాగుండేది, కానీ అడగనిది నేనే.

షేకిళ్ల సంగతి ఇంకా పాడయింది. షేకిల్ ఒక చివరనే ఉంటుంది గనుక 50 మి.మీ. పెంచితే ఇరుసు దగ్గర దక్కేది అందులో సగం, అంటే 25 మి.మీ. మాత్రమే. జిప్సీ ముందు కమానుకు షేకిల్ ముందు చివర ఉంటుంది కనుక ఆ చివర కిందికి జరిగి ఇరుసు ముందుకు వాలింది. 980 మి.మీ. కమానుకు ఆ వాలు దాదాపు 2.9 డిగ్రీలు. డిజిటల్ కోణమానితో చూస్తే కాస్టర్ (స్టీరింగు తిప్పితే చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలే కోణం) 3.4 నుంచి 0.5 డిగ్రీలకు పడిపోయింది. ఖాళీ స్థలంలో 30 కి.మీ. వేగం దాటగానే స్టీరింగు తనంతట తాను మధ్యకు రావడం మానేసింది. ఇరుసుకూ కమానుకూ మధ్య 3 డిగ్రీల ఆప్పులు (ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా ఉండే ముక్కలు) పెట్టి కాస్టర్ తిరిగి తెచ్చాను గానీ, దానితో ముందు డిఫరెన్షియల్ (ఇరుసు మధ్య గేర్ల పెట్టె) ముక్కు కిందికి వంగి, ఇరుసుకు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్ జాయింటు కోణం పెరిగింది. ఒక తప్పును దిద్దడానికి మరో తప్పు చేస్తున్నానని గ్రహించి అన్నీ విప్పేశాను. ఇంత చేసినా పొడవు పెరగని షాకుల వల్ల చక్రపు కదలిక పెరగలేదు. బండి ఎత్తు పెరగడంతో కిందికి దిగే దూరం ఇంకా తగ్గింది.

విప్పేటప్పుడు తెలిసిన మరో సంగతి. మా ఇల్లు పెదగంట్యాడ వైపు ఉంది, ఉప్పుగాలి ఎప్పుడూ తగులుతుంది. కమాను పిన్నులు బుష్షుల ఇనుప గొట్టాల్లో తుప్పుతో కరుచుకుపోయాయి. మూడు రోజులు తుప్పు వదిలించే నూనె పోసినా ఎనిమిదిలో మూడు కదలలేదు, రంపంతో కోయాల్సి వచ్చింది. తీరం దగ్గర ఉన్నవారు కొత్త పిన్నులు తెచ్చుకున్నాకే పని మొదలుపెట్టండి.

ఖర్చు: షేకిళ్లు 1,800, కమాను కొట్టుడు 1,200, ఆప్పులు 900.
ఇప్పటివరకు: రూ. 3,900, 14 గంటలు.

దశ 2: లెక్క వేసి చేయించిన కమాన్లు

కమాను ఎంత వంగగలదో నిర్ణయించేవి పట్టా మందం, కట్ట పొడవు. వంగే దూరం ఒకటే అయినప్పుడు ఉక్కులో పుట్టే ఒత్తిడి మందంతో నేరుగా పెరుగుతుంది, పొడవు వర్గంతో తగ్గుతుంది. గట్టిదనం మందం ఘనంతో పెరుగుతుంది, పొడవు ఘనంతో తగ్గుతుంది. ఈ రెండు వాక్యాలు అర్థమైతే మిగిలిన పనంతా కూడికలూ తీసివేతలే.

నా బండి ముందు పాత కట్టలో 6 మి.మీ. పట్టాలు నాలుగు, పొడవు 980. అది 240 మి.మీ. వంగితే ఒత్తిడి సుమారు 1240 మెగాపాస్కల్‌లు వస్తుంది. రోజూ అంత భారం మోస్తే త్వరలోనే విరుగుతుంది. అదే 1080 మి.మీ. పొడవు, 5 మి.మీ. మందం తీసుకుంటే 850 దగ్గర ఆగుతుంది. పాత గట్టిదనమే కావాలంటే అలాంటి పట్టాలు తొమ్మిదికి పైగా వేయాలి. నేను ఏడు వేయించాను, అంటే పాతదానికన్నా 24 శాతం మెత్తన. బండిలో బరువు ఎప్పుడూ తక్కువే కనుక ఇది సరిపోతుందని నా అంచనా. సామాను మోసే పికప్పు వెనక ఇదే లెక్క వేస్తే నిండు బరువుకు కమాన్లు తిరగబడతాయి.

ఆటోనగర్‌లో కమాన్లు చేసే షెడ్డుకు కాగితం మీద గీసి ఇచ్చిన వివరాలు ఇవి:

1. 45 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. మందం గల సిలికో మాంగనీస్ స్ప్రింగు ఉక్కు పట్టీ.
2. రెండో పట్టా చివరలు మొదటి పట్టా కన్నును (పిన్ను దూరే చివరి చుట్టను) చుట్టి రావాలి. మొదటిది విరిగినా ఇరుసు ఊడిపోదు.
3. కాల్చి నూనెలో ముంచాక టెంపర్ చేయడం (పెళుసుదనం తగ్గేలా మళ్లీ కొద్దిగా వేడి చేయడం) తప్పనిసరి.
4. సెంటర్ బోల్టు నుంచి కన్నుకు దూరంలో తేడా 2 మి.మీ. మించకూడదు.
5. తయారైన కట్టను ప్రెస్సులో అయిదుసార్లు పూర్తిగా అదిమి, ఆ తరువాతే వంపు కొలవాలి.

అయిదో షరతు దశ 1 నేర్పిన పాఠం. కొత్త కట్ట వంపు 172 మి.మీ. ఉండగా, మొదటి రెండు అదుముళ్లకే 164కు దిగి, మిగిలిన మూడింటికీ కదలలేదు. దిగవలసిందేదో షెడ్డులోనే దిగిపోయింది.

నాలుగో షరతు రాసి ఉన్నా ఒక వెనక కట్టలో తప్పింది. బిగించాక రెండువైపులా వీల్‌బేస్ కొలిస్తే ఎడమ 2375, కుడి 2382. మట్టపు గుండును రెండు ఇరుసుల మధ్య నుంచి నేల మీదికి వదిలి సుద్దతో గీతలు గీస్తే వెనక ఇరుసు ఏటవాలుగా కూర్చున్నట్టు తేలింది. సెంటర్ బోల్టు రంధ్రమే 7 మి.మీ. పక్కకు పడింది. గట్టిపడిన పట్టాలో మళ్లీ రంధ్రం వేయడం కుదరదు కనుక కట్టనే మార్చి ఇమ్మన్నాను. కొలత కాగితం మీద రాసి ఉన్నందువల్ల వారు డబ్బు అడగలేదు. నాలుగు రోజులు మాత్రం పోయాయి.

కమాను 100 మి.మీ. పెరిగింది గనుక స్థిరమైన చివర హ్యాంగరును (కమానును ఛాసీకి పట్టి ఉంచే బ్రాకెట్టును) పాతచోటే ఉంచి, షేకిల్ హ్యాంగరును ఛాసీ మీద జరిపాను. షేకిల్ నేరుగా నిలువుగా కాకుండా బయటికి వాలి ఉండాలి. కమాను చదునైనప్పుడు పొడవు పెరుగుతుంది, ఆ పెరుగుదలకు చోటివ్వడమే షేకిల్ పని. కమానును ఇరుసుకు బిగించే పాత యూ బోల్టులు తిరిగి వాడలేదు. ఒకసారి సాగిన బోల్టు రెండోసారి అదే పట్టు ఇవ్వదు.

ఖర్చు: కట్టలు నాలుగు 30,000, హ్యాంగర్లు, ప్లేట్లు 3,600, యూ బోల్టులు 2,400.
ఇప్పటివరకు: రూ. 39,900, 45 గంటలు.

దశ 3: షాకులు, వాటికి చోటు

నిజానికి ఇది మొదటి దశ కావాల్సింది. ముందుగా షాక్ మూసినప్పటి పొడవు, తెరిచినప్పటి పొడవు తెలుసుకుని, వాటి మధ్య ఇరుసు కదలికను ఇమిడ్చి, దానికి తగ్గ కమానును చివర చేయించాలి. నేను తలకిందులుగా చేశాను. అదృష్టం కొద్దీ అంకెలు కలిశాయి.

తెచ్చిన షాకులు నైట్రోజన్ నింపినవి. మూసినప్పుడు 412, తెరిచినప్పుడు 662, స్ట్రోకు 250 మి.మీ. మూసే వైపు 15, తెరిచే వైపు 8 మి.మీ. ఎప్పుడూ మిగలాలని నియమం పెట్టుకున్నాను. ముందు పాత పైమౌంటు (షాక్ పైచివర బిగించే చోటు) దగ్గర ఇరుసు పూర్తిగా పైకి వచ్చినప్పుడు మిగిలే దూరం 338. కావలసింది 427. కనుక పైమౌంటును సుమారు 95 మి.మీ. పైకి లేపాలి, అంటే చక్రపు గూడులోంచి పైకి లేచే గొట్టపు కమ్మీ కావాలి. 42 మి.మీ. గొట్టం, 4 మి.మీ. గోడ మందం వాడాను. వెల్డింగుకు ముందు బ్యాటరీ నెగిటివ్ తీగ విప్పాను.

ఆరు రోజులు ఖాళీ స్థలంలో నడిపాక కుడి కమ్మీ మొదట్లో వెంట్రుకంత పగులు కనిపించింది. పగిలింది వెల్డు కాదు, దాని పక్కనున్న ఛాసీ రేకు. రంగు గీకి చూస్తే అక్కడ తుప్పు తినేసి 2.3 మి.మీ. మాత్రమే మిగిలింది. రెండడుగుల అవతల 3.2 ఉంది. బలమైన గొట్టాన్ని పలచని రేకుకు నేరుగా అతికిస్తే బరువంతా వెల్డు అంచున ఉన్న ఒక గీత మీద పడుతుంది. చేసిన మార్పు ఇది:

1. పగులు చివర చిన్న రంధ్రం వేసి అది ముందుకు పాకకుండా ఆపాను.
2. పగులును గాడి తీసి నింపాను.
3. 5 మి.మీ. మందం, 150×120 కొలత గల ప్లేటును మూలలు గుండ్రంగా కోసి, ఛాసీ పక్కగోడకు నాలుగువైపులా వెల్డు చేశాను.
4. గొట్టాన్ని ఆ ప్లేటుకే అతికించాను. ఎడమవైపు పగలకపోయినా అదే చేశాను.

వెనక వేరే తప్పు. నేలరేకు కోయడం ఇష్టం లేక షాకులను 40 డిగ్రీలు వాల్చి కింద ఇరికించాను. వాలిన షాక్ ఇరుసు కదలికలో కొంతే చూస్తుంది, తాను పుట్టించే పట్టులోనూ కొంతే ఇరుసుకు అందిస్తుంది. అంటే కోసైను రెండుసార్లు గుణించాలి. 40 డిగ్రీల దగ్గర అది 0.59. డబ్బిచ్చి కొన్న పట్టులో దాదాపు నలభై శాతం గాలికి పోతోందన్నమాట. చివరికి నేలరేకు కోసి, 90 మి.మీ. ఎత్తు పెట్టె కట్టి, 22 డిగ్రీలకు నిలబెట్టాను. ఇప్పుడు 0.86. ముందు షాకులు 18 డిగ్రీల వద్ద ఉన్నాయి.

ఖర్చు: షాకులు 26,000, గొట్టాలు, ప్లేట్లు, వెల్డింగు 8,400, తిరిగి చేసిన పనికి 2,700.
ఇప్పటివరకు: రూ. 77,000, 83 గంటలు.

దశ 4: ఇరుసు దిగితే ఏమేమి లాగుతుంది

ఛాసీ స్టాండ్ల మీద, చక్రాలు గాలిలో. ఒకరు స్టీరింగును రెండు చివరలకూ తిప్పుతుంటే మరొకరు కింద పడుకుని చూడాలి. ఒక్కరే చేయవద్దు.

బ్రేకు గొట్టాలు మూడూ పొట్టివయ్యాయి. ముందు గొట్టం స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు 35 మి.మీ. చాలలేదు. నేల మీద నిలిచినప్పుడు వదులుగా కనిపించినదే ఇది. చూడకుండా బండిని గోతుల దారిలోకి తీసి ఉంటే మొదటి గోతిలోనే బ్రేకులు పోయేవి. అదే ఫిట్టింగులతో పొడవైనవి చేయించి, గాలి తీసి, మళ్లీ అదే పరీక్ష చేశాను.

ప్రొపెల్లర్ షాఫ్టు రెండో ప్రమాదం. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె) గేరుబాక్సుకు విడిగా ఉంటుంది, అక్కడినుంచి వెనక ఇరుసుకు ఒక షాఫ్టు వెళుతుంది. నేల మీద దాని పళ్ల పట్టు, అంటే జారే రెండు ముక్కల పళ్లు ఒకదానిలో ఒకటి దూరి ఉన్న పొడవు, 58 మి.మీ. ఇరుసు పూర్తిగా దిగితే 22 మాత్రమే. పళ్లు జారిపోలేదు గానీ ఆ స్థితిలో యాక్సిలరేటర్ తొక్కితే ఉన్న కొద్ది పళ్లే మొత్తం బలాన్ని మోయాలి. ఫ్లాంజి దగ్గర 25 మి.మీ. స్పేసరు లేత్ మీద చేయించి బోల్టులు పొడవువి వేశాను. ఇప్పుడు దిగినప్పుడు 47 పట్టు, పూర్తిగా ఎక్కినప్పుడు 18 ఖాళీ. ఆ రెండో అంకె కూడా చూసుకోవాలి. ఖాళీ లేకపోతే షాఫ్టు ట్రాన్స్‌ఫర్ కేసు బేరింగును గుద్దుతుంది.

స్టీరింగు కడ్డీ వాలు పెరగడంతో స్టీరింగు చక్రం ఎడమకు జరిగింది. కడ్డీ పొడవు సర్ది మధ్యకు తెచ్చాను. ఒక చక్రం గుట్ట ఎక్కినప్పుడు స్టీరింగు కొద్దిగా లాగడం మాత్రం అలాగే ఉంది.

మూడో తప్పు పూర్తిగా నాది. కమాను పిన్నులను చక్రాలు గాలిలో ఉండగానే బిగించేశాను. బండి దించగానే రబ్బరు బుష్షులు మెలికపడి, ఆ మెలికతోనే బతికి, రెండు తిరుగుళ్లకే చిరిగాయి. పిన్నులను వేలితో తిప్పేంత వదులుగా ఉంచి, బండిని నేల మీదికి దించి, నాలుగుసార్లు ఊపి, ఆ తరువాతే బిగించాలి. ఎనిమిది జతలు మళ్లీ కొన్నాను.

ఖర్చు: బ్రేకు గొట్టాలు 4,200, స్పేసరు, బోల్టులు, బ్యాలెన్సింగు 7,500, బుష్షులు 2,800.
ఇప్పటివరకు: రూ. 91,500, 105 గంటలు.

దశ 5: ఆపే బెల్టులు, మళ్లీ ఫోర్క్‌లిఫ్ట్

ఇరుసు బరువును షాక్ కడ్డీకి వేలాడదీయకూడదు. అందుకే ఛాసీకీ ఇరుసుకూ మధ్య బెల్టులు. పోర్టులో సరుకు ఎత్తడానికి వాడే పాలిస్టర్ బెల్టు 50 మి.మీ. వెడల్పుది కొన్నాను. నైలానుకన్నా ఇది తక్కువ సాగుతుంది. బోల్టు కోసం కాల్చిన కడ్డీతో రంధ్రం చేశాను, రెండో పరీక్షలోనే అక్కడ చిరిగింది. ఇప్పుడు చివరను మడిచి, లోపల ఇనుప గొట్టం పెట్టి కుట్టించాను. షాక్ పూర్తిగా తెరుచుకోవడానికి 8 మి.మీ. ముందే బెల్టు బిగుస్తుంది. బంప్ స్టాపులను మూసే వైపు 15 మి.మీ. మిగిలేలా జరిపాను.

కమాను క్లిప్పులు (పట్టాలను కలిపి పట్టే పట్టీలు) బిగుతుగా ఉన్న స్థితిలో ఫోర్క్‌లిఫ్ట్ ఎత్తు 495, సూచిక 609. క్లిప్పులు మొత్తం తీసేస్తే ఎత్తు 612కు వెళ్లింది, కానీ దిగిన వైపు మొదటి పట్టా మిగిలిన కట్టను వదిలి 21 మి.మీ. ఒంటరిగా వేలాడింది. ఆ స్థితిలో బ్రేకు వేస్తే అది పాములా మెలిక తిరుగుతుంది. అందుకని క్లిప్పులు వదలకుండా, 15 మి.మీ. సందు ఉండేలా వెడల్పు చేసి బిగించాను. ఎత్తు 590, సూచిక 726.

మడత షేకిళ్లు వేస్తే ఇంకా పెరుగుతుందని చాలామంది అంటారు. వేయలేదు. మడత విప్పుకునే క్షణంలో ఆ చక్రం మీద బరువు ఒక్కసారిగా పోతుంది, ఏటవాలు మీద ఉన్నప్పుడు అది నాకు ఇష్టమైన అనుభవం కాదు.

చివరి కదలిక: ముందు పైకి 95, కిందికి 144, మొత్తం 239. వెనక పైకి 100, కిందికి 145, మొత్తం 245. బండి ఎత్తు 45 మి.మీ. మాత్రమే పెరిగింది.

ఖర్చు: బెల్టులు 1,600, బంప్ స్టాపులు 2,000, ఫోర్క్‌లిఫ్ట్ 1,200.
ఇప్పటివరకు: రూ. 96,300, 117 గంటలు.

దశ 6: ఆనందపురం దగ్గర జీడితోట

రోడ్డు మీద నడపలేదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణ తరువాత ఒక్కో మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా కూడా ఉంది. ట్రాలీ మీద ఎక్కించి తెలిసినవారి సొంత తోటకు తీసుకెళ్లాను. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల్లో పరీక్షించవచ్చు కదా అని ఇద్దరు అడిగారు. అది రక్షిత భూవారసత్వ స్థలం. ఒక్క చక్రపు గాడి కూడా అక్కడ వానకు కొత్త వాగవుతుంది.

తోటలో వాన కోసిన గాళ్లు ఉన్నాయి, గట్టిపడిన ఎర్రనేల బాట ఉంది. గాళ్లలో ఫలితం స్పష్టం. పాత కమాన్లతో వెనక చక్రం గాలిలో తిరిగి ఆగిపోయిన రెండు చోట్లా ఇప్పుడు చక్రం నేలను వదల్లేదు. బాట మీద మాత్రం సగమే సంతృప్తి. 1.8 కి.మీ. చుట్టు ఆరుసార్లు తిరిగి ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో చూస్తే ముందు షాకులు 64 డిగ్రీలు, వెనకవి 91. గతుకు దాటాక ముందు భాగం ఒకటిన్నర ఊపులకు ఆగుతుంటే వెనక భాగం మూడు ఊపులు ఊగుతోంది. వేడెక్కిన కొద్దీ మరీ ఎక్కువ. కోణం దిద్దినా వెనక షాక్ పట్టు చాలలేదని దీని అర్థం.

ముందు డబుల్ విష్‌బోన్ (గట్టి ఇరుసు బదులు ఒక్కో చక్రానికి విడిగా రెండేసి ఆర్ములు) ఉన్న పికప్పుల యజమానులు, ఉదాహరణకు శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ వారు, ఈ డైరీలో వెనక భాగం మాత్రమే తీసుకోండి. అక్కడ ముందు కదలికకు హద్దు పెట్టేవి బాల్ జాయింట్లు, డ్రైవ్ షాఫ్టు జాయింట్ల కోణం. పెంచాలంటే పొడవైన ఆర్ములు, పొడవైన షాఫ్టులు, టై రాడ్లు అన్నీ కలిసి మారాలి.

ట్రాలీ రెండుసార్లు 7,000.
ఇప్పటివరకు: రూ. 1,03,300, 133 గంటలు.

రెండో పరీక్ష ముగిశాక తనిఖీ: ముందు కట్ట వంపు 164 నుంచి 161. యూ బోల్టు నట్లు ఒక్కొక్కటి సుమారు ఆరోవంతు చుట్టు తిరిగాయి, మళ్లీ బిగించాను. ప్లేటు వేసిన చోట పగుళ్లు లేవు. పట్టాల మధ్య పూసిన గ్రాఫైటు పూత మీద రెండు చోట్ల అప్పుడే ఎర్రని తుప్పు మరక కనిపించింది, చివరల్లోని నైలాను ముక్కలు మాత్రం చెక్కుచెదరలేదు. వెనక షాకులు రెండూ విప్పి, లోపలి వాల్వు పలకలు మార్పించడానికి ఇచ్చాను. అవి వచ్చేవరకు బండి స్టాండ్ల మీదే ఉంటుంది.